పెళ్లి చేసుకోండి, మతం మాత్రం మారకండి

ప్రశ్న: అమ్మా, నాకు ముప్ఫై మూడేళ్లు. మాది తాడేపల్లిగూడెం, హిందువులం. ఆయనది చిలకలూరిపేట దగ్గర పల్లె, క్రైస్తవ కుటుంబం. ఎనిమిదేళ్లుగా హైదరాబాద్ మియాపూర్‌లో ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఫ్లాట్ ఆయన పేరు మీద ఉంది, ఈఎంఐలో సగం నేను కడతాను. ఇలాగే బాగున్నాం కదా, పెళ్లెందుకు అనుకునేవాళ్లం. మొన్న ఆయనకు అపెండిక్స్ ఆపరేషన్ అవసరమైంది. ఆసుపత్రి ఫారంలో ‘పేషెంటుకు ఏమవుతారు’ అన్నచోట ‘ఫ్రెండ్’ అని రాశాను. ఇంట్లోవాళ్లెవరూ లేరా అని అడిగారు. ఊరినుంచి వాళ్ల నాన్నగారు వచ్చి సంతకం పెట్టేదాకా నేను బయట కుర్చీలో కూర్చున్నాను. ఇప్పుడు రెండిళ్లలోనూ పెళ్లి మాట ఎత్తారు. నేను బాప్తిస్మం తీసుకుంటే చర్చిలో పెళ్లి చేస్తామని వాళ్లమ్మగారు అంటున్నారు. అన్నవరంలో తాళి కడితేనే వస్తానని మా అమ్మ. నాకు ఏ దేవుడి మీదా కోపం లేదు, అలాగని పెద్ద నమ్మకమూ లేదు. అసలు మాకు పెళ్లి అవసరమా? అవసరమైతే ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: తల్లీ, పెళ్లి చేసుకోండి. చర్చిలోనూ కాదు, అన్నవరంలోనూ కాదు, రిజిస్ట్రార్ ముందు. ఎందుకో చెబుతాను.

కలిసి ఉండటం నేరమేమీ కాదు. 2010లో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగానే చెప్పింది. 2005 నాటి గృహహింస చట్టం కూడా పెళ్లి లాంటి బంధంలో ఉన్న స్త్రీకి రక్షణ ఇస్తుంది. మీ ఎనిమిదేళ్ల కాపురాన్ని నేను ఒక్క పిసరు కూడా తక్కువ చెయ్యను. నా బాధంతా మీ ఇద్దరిలో ఒకరు లేని రోజు గురించే.

గుంటూరులో లాయరుగా ప్రాక్టీసు చేస్తున్న రోజుల్లో నా దగ్గరికి ఒకావిడ వచ్చింది. ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాతో పదేళ్లకు పైగా కాపురం చేసింది. ఆయన గుండెపోటుతో పోయాడు. కర్మలు అయ్యాక ఆయన అన్నదమ్ములు ఇంటికి తాళం వేశారు. ఆవిడ ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా బల్ల మీద కుమ్మరించింది. గ్యాస్ బుక్కు, పాలవాడి లెక్కల పుస్తకం, తిరుపతిలో ఇద్దరూ తీయించుకున్న ఫోటో, ఆయన బీపీ మాత్రల చీటీలు. ‘బండి తాళం కూడా అడిగి తీసుకున్నారమ్మా’ అంది. చాలాకాలం భార్యాభర్తల్లా బతికినవాళ్లకి పెళ్లయినట్టే కోర్టు భావించవచ్చు, నిజమే. కానీ ఆ సంగతి రుజువు చేసుకోవాల్సింది ఆవిడే, చావింట్లోంచి లేచి వచ్చి. ఏళ్లు తిరిగాం. ఆయన ఆఫీసు నుంచి కొంత డబ్బు ఇప్పించగలిగాను, ఇల్లు ఇప్పించలేకపోయాను.

మీ సంగతే తీసుకోండి. క్రైస్తవుడైన ఆయన పెళ్లి కాకుండా, పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా పోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ఆస్తి మొత్తం తండ్రికి చెందుతుంది. ఈఎంఐలో మీరు కట్టిన సగం ఆ ఫ్లాట్ కాగితాల్లో ఎక్కడా కనపడదు. 1995 నాటి ఈపీఎఫ్ పెన్షన్ పథకం కూడా అంతే. పెన్షన్ మొదట భార్యకో, భర్తకో, పిల్లలకో వెళ్తుంది. కలిసి ఉన్నామని చెబితే రాదు. ఇలా రాస్తున్నందుకు నొచ్చుకోకండి. ఆయన నిండు నూరేళ్లూ ఉండాలి. కానీ ఆ ఆసుపత్రి కుర్చీలో మీకు ఎలా అనిపించిందో గుర్తుందిగా?

ఇక మతం సంగతి. నేను గుంటూరు లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదివి, సంఘమంతా చూస్తుండగా నా పెళ్లి జరిగింది. ఆ రోజు చేసిన ప్రమాణం నాకు ఎంతో విలువైనది. కాబట్టే చెబుతున్నాను, పెళ్లి కోసం బాప్తిస్మం తీసుకోకండి. బాప్తిస్మం అంటే మనిషి తన మనసుతో దేవుడికిచ్చే మాట. అత్తగారిని సంతోషపెట్టడానికి నీళ్లలో మునిగితే అది మీకూ మేలు కాదు, మా విశ్వాసానికీ గౌరవం కాదు. రేపెప్పుడైనా మీకు నిజంగా నమ్మకం కలిగితే అప్పుడు తీసుకోండి, నేనూ వచ్చి చూస్తాను. ఇంకో సంగతి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఇద్దరూ క్రైస్తవులై ఉండాలని అడగదు, ఒకరైతే చాలు. బాప్తిస్మం కావాలనేది ఆ సంఘం పెట్టుకున్న నియమం. కతోలిక సంఘంలోనైతే బిషప్ అనుమతితో బాప్తిస్మం లేనివారితో కూడా పెళ్లి చేస్తారు, కాకపోతే పిల్లలను ఆ విశ్వాసంలో పెంచడానికి తన వంతు ప్రయత్నిస్తానని కతోలిక పక్షం మాటివ్వాలి. ఆయన సంఘం పాస్టర్ గారిని ఆయన్నే వెళ్లి అడగమనండి. వాళ్లమ్మగారితో మాట్లాడాల్సింది కూడా ఆయనే, మీరు కాదు.

అన్నవరం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద వరుడూ వధువూ ఇద్దరూ హిందువులై ఉండాలి. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో ఒక హిందూ అమ్మాయి, క్రైస్తవ అబ్బాయి దేవాలయంలో తాళి కట్టించుకుని, ఆ చట్టం కిందే రిజిస్టర్ కూడా చేయించుకున్నారు. 2008లో సుప్రీంకోర్టు ఆ పెళ్లి చెల్లదంది. చేతిలో సర్టిఫికెట్ ఉంది, మెడలో తాళి ఉంది, పెళ్లి మాత్రం లేదు. మీ అమ్మగారికి ఈ సంగతి ఓపిగ్గా చెప్పండి. ఆవిడ కోరేది మీ క్షేమమే.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం మీలాంటివారి కోసమే ఉంది. ఎవరూ మతం మారక్కర్లేదు. మీలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత 30 రోజులు అభ్యంతరాల గడువు. ఎవరైనా అభ్యంతరం చెప్పాలంటే ఇంతకుముందే పెళ్లయిందనో, వయసు చాలదనో, నిషిద్ధమైన వరస అనో, మతిస్థిమితం లేదనో చెప్పాలి. మతం వేరని చెబితే చెల్లదు. గడువు అయ్యాక ముగ్గురు సాక్షుల ముందు, రిజిస్ట్రార్ ఎదుట, ఒకరినొకరు చట్టబద్ధంగా భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని మీకు అర్థమయ్యే భాషలో చెప్పుకోవాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు ఇదంతా అయిపోవాలి, లేకపోతే మళ్లీ మొదటినుంచీ.

ఒక్కటి మాత్రం మరవకండి. మీ శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే ఆ నోటీసు కాపీ అక్కడికి కూడా పంపి బోర్డు మీద అంటిస్తారు. అంటే తాడేపల్లిగూడెం వైపు ఎవరో చదివి మీ నాన్నగారికి చెప్పేలోపు మీరే చెప్పాలి. ఆ టెన్షన్ ఇద్దరూ కలిసి పడండి, వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పండి. ఈ పెళ్లితో మీరు చట్టం దృష్టిలో ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టవుతుంది గానీ, తండ్రి ఆస్తిలో మీ హక్కు పోదు.

రిజిస్టర్ అయ్యాక మీ ఇష్టం. అన్నవరం వెళ్లి సత్యనారాయణ వ్రతం చేసుకోండి. చిలకలూరిపేట ఇంట్లో పాస్టర్ గారిని పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టుకోండి, అందరికీ భోజనాలు పెట్టండి. పెద్దవాళ్ల సంతోషం చిన్న విషయం కాదు. అది పెళ్లి తర్వాత ఇవ్వండి, పెళ్లికి షరతుగా కాదు.

మనవాళ్లకి ఇది కొత్త దారేమీ కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి గారు సంస్కృత మంత్రాలు పక్కనపెట్టి తెలుగులో పెళ్లిళ్లు చేయించారు. విజయవాడ గోరా గారు నాస్తికులు, నేను విశ్వాసిని. అయినా ఆయన కూతురి పెళ్లి సంగతి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. వరుడు దళిత యువకుడు. ఆ పెళ్లి తంతులో ‘దేవుని పేర’ అన్నచోట ‘సత్యం పేర’ అని మార్చడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి జరిగే నాటికి ఆయన లేరు. దేవుణ్ని అంతగా నమ్మినాయన, నమ్మనివాళ్ల పెళ్లికి ఆ మాట విడిచిపెట్టగలిగారు. మీ ఇద్దరి తల్లులూ ఆపాటి చోటు ఇవ్వగలరనే నా ఆశ.

ప్రశ్న: నాకు అరవై నాలుగు, ప్రైవేటు కంపెనీలో చేసి రిటైరయ్యాను. నా భార్య పోయి ఆరేళ్లయింది. నాతో ఉంటున్నావిడకు అరవై. ఆమె భర్త ప్రభుత్వ టీచరు, ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. ‘ఊళ్లో నలుగురూ ఏదో ఒకటి అంటున్నారు, గుళ్లో దండలు మార్చుకోండి’ అంటున్నాడు మా అబ్బాయి. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అయ్యా, పైన అమ్మాయికి చెప్పింది మీకు చెప్పను. మళ్లీ పెళ్లి చేసుకుంటే మామూలుగా ఆవిడ పెన్షన్ ఆగిపోతుంది. చాటుగా పెళ్లి చేసుకుని పెన్షన్ తీసుకోవడం మాత్రం వద్దు. పునర్వివాహం చేసుకోలేదని ఆవిడ ఏటా సంతకం పెట్టి ఇవ్వాలి. అబద్ధపు సంతకం ఈ వయసులో మెడకు చుట్టుకుంటుంది, తీసుకున్న డబ్బు వెనక్కి కట్టమంటారు. ఆ పెన్షన్ ఆవిడ సొంత ఆధారం. మీమీద ఎంత నమ్మకం ఉన్నా దాన్ని వదులుకోవాలో లేదో ఆవిడే తేల్చుకోవాలి, మీరు గానీ మీ అబ్బాయి గానీ కాదు.

పెళ్లి లేకుండానే ఉండాలనుకుంటే, మీ ఇంట్లో ఆవిడ బతికున్నంతకాలం ఉండే హక్కును వీలునామాలో స్పష్టంగా రాయండి. ఆ తర్వాత ఇల్లు ఎవరికో అదీ రాయండి. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు గానీ చేయించండి. రాసే ముందు మీ అబ్బాయితో మాట్లాడండి, ఆయనకి ఆ రోజే అన్నీ తెలియాలి. సాక్షులుగా మాత్రం ఆస్తిలో వాటా లేని ఇద్దరిని, వీలైతే మీకంటే చిన్నవాళ్లను పెట్టుకోండి.