మృదంగం లేదు, మరి తాళం ఎవరిది?

ప్రశ్న: మా అబ్బాయి మాండలిన్ నేర్చుకుంటున్నాడు. శ్రీనివాస్ గారి కచేరీలు తప్ప వేరేవి వినేవాడు కాదు. ఈమధ్య వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రపెల్లీ, మాండలిన్ వాయించే డేవిడ్ గ్రిస్మన్ కలిసి వాయించిన లైవ్ రికార్డు పట్టుకున్నాడు. పాట లేదు, డ్రమ్స్ లేవు, అయినా కాలు ఊరుకోదు. తాళం ఎవరు వేస్తున్నారు? ఇది అమెరికా పల్లె సంగీతం బ్లూగ్రాసా, జాజా? వాడి సాధన చెడదు కదా?
– ఒక తల్లి, టి.నగర్, చెన్నై

జవాబు: తాళం మాండలిన్‌దేనమ్మా. ఎడమచేతి వేళ్లతో తీగలు అదిమి, పిక్‌తో గట్టిగా కొట్టి, మోగీమోగకముందే వేళ్లు సడలిస్తారు. నాదం తెగిపోయి 'చక్' మన్న దెబ్బ మాత్రం మిగులుతుంది. దాన్నే చాప్ అంటారు. మీవాణ్ణి చేత్తో చతురశ్ర ఏకతాళం వేస్తూ వినమనండి. బ్లూగ్రాస్ నడకలో ఒకటి, మూడు దెబ్బలు బేస్ అనే మంద్రస్వరాల పెద్ద తీగవాద్యానివి; రెండు, నాలుగు ఈ చాప్‌వి. జాజ్‌లోని స్వింగ్ నడకలోకి మళ్లితే బేస్ నాలుగింటి మీదా నడుస్తుంది.

1940లలో బిల్ మన్రో బ్యాండు స్థిరపరిచిన బ్లూగ్రాస్‌లో బాంజో, ఫిడిల్, గిటార్, మాండలిన్, బేస్ అంతే, డ్రమ్స్ లేవు. అంతకుముందే, 1934లో, ప్యారిస్‌లో గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్‌తో కలిసి గ్రపెల్లీ నడిపిన జాజ్ బృందంలోనూ లేవు: వయొలిన్, మూడు గిటార్లు, బేస్. అక్కడ గిటార్లే దెబ్బ కొట్టేవి. అందుకే ఈ రెండు సంగీతాలూ అతుకు కనపడకుండా కలిశాయని నా నమ్మకం. వాద్యాలు బ్లూగ్రాస్‌వి, మనోధర్మం జాజ్‌ది. మీవాడు వింటున్న రికార్డులోని 'పెంటప్ హౌస్' శాక్సఫోన్ విద్వాంసుడు సానీ రోలిన్స్ రచన. దాన్ని తీగల మీద ఎంత తేలిగ్గా నడిపించారో వినండి!

1979లో వాయించినది 1981లో విడుదలైంది. వాయించేనాటికి గ్రపెల్లీకి 71 ఏళ్లు, పక్కన గిటార్ పట్టిన మార్క్ ఓకానర్‌కి 18. నేను వయొలిన్ నేర్పేవాణ్ణి, నా చెవి ముందు గ్రపెల్లీ కమాను మీదికే పోతుంది. ఎంత వేగంలోనూ ఆయన కమాను తీగను నొక్కదు. పెద్దాయన వాయిస్తుంటే కుర్రాడు ఎక్కడా తోసుకురాడు, తన వంతు వచ్చినప్పుడు మాత్రం వెనకాడడు. లైవ్ రికార్డు ఎందుకు వినాలో నా విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్నా మంచిది నా దగ్గర లేదు.

సాధన చెడదు. కానీ చేతిని అటు మళ్లించనివ్వకండి. వాళ్ల మాండలిన్‌కి జంటలుగా ఎనిమిది తీగలు, స్వరం నిలపాలంటే పిక్‌ని గబగబా ఆడించాలి. పాలకొల్లు నుంచి వచ్చిన మన శ్రీనివాస్ గారిది అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. గమకం పలకడానికి ఆ ఒంటి తీగే ఆధారం. గురువుగారి పాఠం పాఠమే. ఇది లయ కోసం వినాలి.

ఆ తర్వాత మన మద్రాసులో పుట్టిన ఎల్. సుబ్రమణ్యం గారితో గ్రపెల్లీ చేసిన 1984 నాటి 'కాన్వర్సేషన్స్' వినిపించండి. అందులో రెండు వయొలిన్లలో ఎవరిది ఏదో కళ్లు మూసుకుని చెప్పగలిగితే, వాడి చెవికి ఢోకా లేదు.