బుల్లి రైలు పట్టాల నిర్వహణ: శని, ఆదివారాల్లో ఏ పని ముందు?

మీరు అడిగింది ఇదీ: కావలి దగ్గర తోటలో 184 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) పట్టాలు 120 మీటర్లు ఉన్నాయి. స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెల) మీద పట్టాలుగా 25×10 మి.మీ. ఎం.ఎస్. ఫ్లాట్లు (మైల్డ్ స్టీల్ బద్దెలు), ఒక బ్యాటరీ ఇంజను, మనుషులు కూర్చునే బండ్లు రెండు. బండి ఒకేచోట పదే పదే పట్టాలు తప్పుతోంది. ఈశాన్య రుతుపవనాల లోపు ఏం చెయ్యాలి, రైల్వే పాత సామాను ఎక్కడ దొరుకుతుంది?

ముందుగా ఇంజను జోలికి పోకండి. వారానికోసారి కలిసే బృందాలన్నీ ఇంజను చుట్టూ చేరతాయి, పార పట్టేవాడే దొరకడు. ఏ బండయినా ఒకేచోట తప్పుతుంటే దోషం పట్టాలది. ఒకే బండి రకరకాల చోట్ల తప్పుతుంటే దోషం బండిది.

తప్పేచోటుకు అటూ ఇటూ అయిదేసి మీటర్లు, మీటరుకోసారి రెండు పట్టాల మీద అడ్డంగా రసమట్టం పెట్టి తేడా సుద్దతో రాయండి. పక్కపక్క కొలతల మధ్య 3 మి.మీ. దాటితే అక్కడ మెలిక ఉన్నట్టే. స్ప్రింగులు లేని బండికి ఒక చక్రం గాల్లోకి లేస్తుంది. ఇంకో గుర్తు: స్లీపరు పక్క కంకర మీద తెల్లటి పిండి. కింద ఖాళీ ఉండి, బండి వెళ్ళినప్పుడల్లా స్లీపరు పైకీ కిందికీ ఆడుతూ రాయిని అరగదీసిన పొడి అది. వాన పడితే అదే బురదై పైకి చిమ్ముతుంది.

సరిచేసేటప్పుడు గడ్డపార స్లీపరు కింద పెట్టి లేపండి, పట్టా కింద పెడితే వెల్డింగు చిట్లుతుంది. కావలసిన ఎత్తు కంటే 3, 4 మి.మీ. ఎక్కువే లేపాలి, తర్వాత ఎలాగూ దిగుతుంది. 12 ఎం.ఎం. కంకర చిప్స్‌ను స్లీపరు కింద, పట్టాలు ఆనేచోట రెండువైపుల నుంచీ కూరండి. స్లీపరు నడుమ మాత్రం గట్టిగా కూరొద్దు, అక్కడ ఆనితే తక్కెడ కాడలా ఊగుతుంది. పెన్నా గులకరాళ్ళు ఊరికే వచ్చినా వద్దు. గుండ్రటి రాయి పట్టు ఇవ్వదు, క్రషర్ రాయే కావాలి. అర మీటరు వెడల్పు, 10 సెం.మీ. మందం లెక్కన 20 మీటర్లకు ఒక ఘనపు మీటరు, అంటే 35 ఘనపుటడుగులు. 120 మీటర్లకూ కొత్తగా పోయాలంటే రెండు యూనిట్ల (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) పైచిలుకు. కింద నల్లరేగడి ఉంటే కంకర ఎంత పోసినా మింగేస్తుంది, ముందు జానెడు మందం గ్రావెల్ పరిచి దిమ్మిస కొట్టాలి. పక్కనే చిన్న కాలువ తీసి నీళ్ళకు వాలు ఇవ్వండి. తుంగను పైపైన చెక్కితే లాభం లేదు, గడ్డతో సహా తవ్వి తీయాలి.

అతుకుల దగ్గర చాలామంది పట్టాలను ఆనించి బిగిస్తారు. 6 మీటర్ల ఉక్కు పట్టా 40 డిగ్రీల తేడాకు దాదాపు 3 మి.మీ. సాగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున పరిస్తే 3 మి.మీ. సందు వదలండి (పూత రాలగొట్టిన 10 గేజ్ వెల్డింగ్ రాడ్డు 3.15 మి.మీ. ఉంటుంది, అదే కొలత), రోహిణీకార్తె మధ్యాహ్నమైతే హాక్సా బ్లేడు మందం చాలు. ఫిష్‌ప్లేటు (రెండు పట్టాలను అతుకు దగ్గర కలిపే బద్దె) రంధ్రాలు కోలగా ఉండాలి, లోపల గ్రాఫైట్ గ్రీజు రాసి స్ప్రింగ్ వాషరుతో బిగించండి. పట్టా పైభాగానికి గ్రీజు తగిలితే ఇంజను చక్రాలు జారతాయి.

మీది సముద్రపు గాలి. ఉప్పు ఉండగానే రంగేస్తే రెండు వానలకు పొరలుగా లేస్తుంది. ముందు మంచినీళ్ళతో కడగండి. తీరప్రాంతపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు మళ్ళీ పూసినట్టే. ఆరాక వైర్ బ్రష్, ఆపైన జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు, తర్వాత ఎనామిల్. తెల్లవారి మంచు తడి పోయాకే మొదలుపెట్టండి.

ఎండ ముదిరాక షెడ్డులోకి వెళ్ళండి. బండి ఎత్తి చక్రం తిప్పి చూస్తే గరగరమన్న బేరింగు తెలిసిపోతుంది. కొత్తది హౌసింగులోకి (బేరింగు కూర్చునే గూట్లోకి) దించేటప్పుడు బయటి రింగు మీదే కొట్టాలి. లోపలి రింగు మీద కొడితే బేరింగు గుండ్లు దెబ్బతిని మళ్ళీ అదే గరగర. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య దూరం నాలుగు చోట్ల కొలవండి, అర మి.మీ. దాటి తేడా వస్తే ఇరుసు వంగి ఉండొచ్చు.

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చార్జింగు అయ్యాకే నింపాలి, ముందే నింపితే ఆసిడ్ పొంగుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయండి. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీకి చార్జింగు 10 ఆంపియర్లు దాటొద్దు, షెడ్డు తలుపులు తీసే ఉంచండి. 12 వోల్టుల బ్యాటరీ కొన్ని గంటలు వాడకుండా ఉంచాక కూడా 12.2 వోల్టులకు తక్కువ చూపితే సగానికి పైగా ఖాళీ అయినట్టే.

ఇక పాత సామాను. రైలు పట్టాల పక్కన పడి ఉన్న క్లిప్పు, బోల్టు, కంకర ఏదీ తేవొద్దు. రైల్వే ఆస్తిని అక్రమంగా మన దగ్గర ఉంచుకోవడం 1966 చట్టం ప్రకారం నేరం, అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్ళడం 1989 రైల్వే చట్టం 147 సెక్షన్ కిందికి వస్తుంది. రైల్వే తుక్కును వేలంలోనే అమ్ముతుంది, వేరేచోట కొంటే బిల్లు అడిగి తీసుకోండి. అసలు మీ గేజుకు ఆ బోల్టులు పట్టవు. ఒంగోలులోనో నెల్లూరులోనో హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం8 (8 మి.మీ.) బోల్టులు సరిపోతాయి, ధర కాస్త ఎక్కువైనా జింకు పూత ఉన్నవే తీసుకోండి.