క్వాంటం కంప్యూటింగ్‌లో పరిశోధనకు ప్రోగ్రామింగ్ వస్తే చాలా?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి కావస్తోంది, క్వాంటం కంప్యూటింగ్‌లో పరిశోధనకు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఎందుకో నా అనుభవం చెబుతాను.

నేను అతివాహక క్యూబిట్ల మీద పీహెచ్‌డీ చేశాను. క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్‌లో సమాచారాన్ని దాచే మూలకం; మావి విద్యుత్తుకు నిరోధమే చూపని అతివాహక లోహంతో చేసినవి. క్వాంటం కంప్యూటర్‌తో పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడానికి 1994లో గణిత శాస్త్రవేత్త పీటర్ షోర్ చూపిన పద్ధతి చదివి మురిసిపోయి ఈ దారి పట్టాను. చేరాక మొదటి ఏడాదంతా డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ పక్కనే గడిచింది. హీలియం-3, హీలియం-4 మిశ్రమంతో చిప్‌ను 10 మిల్లీకెల్విన్ల దాకా, అంటే దాదాపు పరమ శూన్య ఉష్ణోగ్రత అంచు దాకా, చల్లబరిచే యంత్రం అది. అందుకు మాకు రెండు రోజులు పట్టేది. ఒకసారి అంతా చల్లబడ్డాక చూస్తే సిగ్నల్ లేదు. లోపల ఒక కేబుల్ కనెక్టర్ వదులుగా ఉంది. వేడెక్కనిచ్చి, తెరిచి, బిగించి, మళ్లీ చల్లబరిచేసరికి వారం పోయింది.

అప్పుడు కొలిచాం. మైక్రోవేవ్ పల్స్‌తో క్యూబిట్‌ను పై స్థితికి లేపి, కాసేపు ఆగి, ఇంకా అక్కడే ఉందో లేదో చూడాలి. ఆగే సమయం పెంచుకుంటూ వేల సార్లు ఇదే పని. తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పడి, కిందికి వంగే గీతగా తేలాయి. పై స్థితిలో క్యూబిట్ సగటు ఆయువు 38 మైక్రోసెకన్లు! మర్నాడు అదే చిప్, అదే అమరిక, 21 వచ్చింది. చిప్ మీది ఆక్సైడ్ పొరలోని సూక్ష్మ లోపాలు క్యూబిట్ శక్తిని లాగేసుకుంటాయి, పైగా అవి ఒక్కచోట కుదురుగా ఉండవు. వాటితో పోరాటమే ఈ రంగంలో అసలు పని. 1999లో జపాన్‌లో నాకమురా బృందం చూపిన తొలి అతివాహక క్యూబిట్ నిలిచింది కొన్ని నానోసెకన్లే. ఇప్పుడు మంచి చిప్‌లలో వందల మైక్రోసెకన్లు నిలుస్తోంది. ఆ దూరమంతా ఇలాంటి వారాల మీదుగానే వచ్చారు.

ఇలాంటి కొలతలను అర్థం చేసుకోవడానికి ప్రోగ్రామింగ్ ఒక్కటే చాలదు కాబట్టి డెన్సిటీ మాట్రిక్స్ (క్యూబిట్ స్థితిని అందులోని అనిశ్చితితో సహా రాసే పట్టిక) లెక్కలు కాగితం మీద స్వయంగా చేసి నేర్చుకోండి. సంఖ్యాశాస్త్రాన్ని అసలు వదలకండి. ఒక రాశిని ఎంత కచ్చితంగా అంచనా కట్టగలమో చెప్పే హద్దును 1945లో సి.ఆర్. రావు ఇచ్చారు. దాని క్వాంటం రూపం ఇప్పుడు మా కొలతల్లో నిత్యావసరం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన ఆయన పేరు మా బోర్డు మీద తొలిసారి చూసినప్పుడు ఒళ్లు పులకరించింది.

దేశం దాటి తీరాలన్న నియమం లేదు. 2023లో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్‌కు 6,003.65 కోట్ల రూపాయలు కేటాయించారు, అందులో కంప్యూటింగ్ కేంద్రం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో ఉంది. ఎక్కడికి వెళ్లినా, చేరే ముందు ఒక రోజంతా ప్రయోగశాలలో కూర్చోనివ్వమని అడగండి. కొలత కుదరని రోజున అక్కడి విద్యార్థులు ఏం చేస్తారో వాళ్లనే అడిగి తెలుసుకోండి.