సరిహద్దులో గేటు లేకపోతే వీసా అక్కర్లేనట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి గత అక్టోబరు నుంచి జర్మనీలోని ఆఖెన్ నగరంలో ఎం.ఎస్. చదువుతోంది. వచ్చే శని, ఆదివారాల్లో స్నేహితురాళ్లతో కలిసి నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌కు, వీలైతే బెల్జియంలోని లీజ్‌కు కూడా వెళ్లి వస్తానంటోంది. మరి వీసా సంగతేమిటని అడిగితే, "ఇది మనం పాతపట్నం వెళ్లి వచ్చినట్టే నాన్నా, ఎవరూ ఏమీ అడగరు" అంటోంది. జర్మనీ వీసా కోసమే నెలల తరబడి ఎదురుచూసిన మాకు ఈ మాట నమ్మబుద్ధి కావడం లేదు. ఆ వీసా గడువు కూడా ఈ నెలాఖరుతో ముగుస్తుంది. అక్కడి నివాస కార్డుకు దరఖాస్తు చేసింది కానీ, కార్డు ఇంకా చేతికి రాలేదు. వెళ్లనివ్వవచ్చా?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: వీసా విషయంలో మీ అమ్మాయి చెప్పింది నిజమే. పాతపట్నంతో పోల్చడం మాత్రం సరికాదు. మనం ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాష్ట్ర సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం సంతకు వెళ్లినప్పుడు ఎవరూ అడగకపోవడానికి కారణం, ఈ దేశంలో ఎక్కడికైనా తిరిగే హక్కు రాజ్యాంగం మనకు ఇచ్చి ఉండడం. జేబులో ఏ కాగితమూ లేకపోయినా ఆ హక్కు పోదు. మాస్ట్రిక్ట్‌లో మీ అమ్మాయికి ఉండేది అటువంటి హక్కు కాదు. గడువూ షరతులూ ఉన్న అనుమతి అది, దానికి ఆధారం ఆమె చేతిలోని పత్రమే.

లక్సెంబర్గ్ దేశంలో మోజెల్ నది ఒడ్డున షెంగెన్ అనే చిన్న ఊరు ఉంది. 1985 జూన్ 14న బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ ప్రతినిధులు అక్కడ ఒక ఓడ మీద సమావేశమై, తమ మధ్య సరిహద్దు తనిఖీలను క్రమంగా ఎత్తివేస్తామని సంతకాలు చేశారు. ఆ ఊరి పేరుతోనే 1995 మార్చిలో అమలులోకి వచ్చిన షెంగెన్ ఏర్పాటులో ఇప్పుడు 29 దేశాలు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్క దేశమైనా ఇచ్చిన నివాస అనుమతి కార్డుగానీ, చదువు వంటి దీర్ఘకాలిక అవసరం కోసం ఇచ్చే 'డి' రకం వీసాగానీ ఉన్నవారు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టుతో మిగతా దేశాలకు వేరే వీసా లేకుండా వెళ్లవచ్చు. ఏ 180 రోజులను లెక్కకు తీసుకున్నా, ఇతర సభ్య దేశాల్లో గడిపినవన్నీ కలిపి 90 రోజులు దాటకూడదు. జర్మనీలో గడిపే రోజులు ఈ లెక్కలోకి రావు. బయలుదేరిన రోజును, తిరిగివచ్చిన రోజును కూడా కలుపుకొని, ఆరు నెలల పాటు ఒక్క వారం కూడా మానకుండా ప్రతి శని, ఆదివారాలూ పొరుగు దేశంలోనే గడిపినా మొత్తం 52 రోజులే అవుతాయి కాబట్టి, ఆ వైపు నుంచి మీకు బెంగ అక్కర్లేదు. వెళ్లిన చోట ఉద్యోగం చేయడానికి మాత్రం ఈ అనుమతి పనికిరాదు.

అసలు ఆలోచించవలసింది మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసిన గడువు గురించి. వీసా నెలాఖరు దాకా ఉంది కనుక, వచ్చే శనివారం వెళ్లి ఆదివారం వచ్చేస్తే ఏ చిక్కూ లేదు. అదే ప్రయాణం వాయిదా పడి తరువాతి నెలలోకి వెళ్లిందనుకోండి, అప్పుడు ఆమె చేతిలో గడువు తీరిన వీసా, విదేశీయుల కార్యాలయం వారు తాత్కాలికంగా ఇచ్చే 'ఫిక్షన్స్‌బెషైనిగుంగ్' అనే పత్రం మాత్రమే ఉంటాయి. ఆ పత్రం లోపలి పుటలో మూడు గడులు ఉంటాయి. పాత అనుమతి కొనసాగుతున్నట్టు తెలిపే మూడో గడిలో గుర్తు పెట్టి ఉంటే, గడువు తీరిన వీసాతో జతచేసి చూపి జర్మనీలోకి తిరిగి రావచ్చు. మొదటి రెండు గడుల్లో దేనిలో గుర్తు ఉన్నా ఆ వీలు లేదు. మూడో గడిలోనే గుర్తు ఉన్నా, దాని అర్థాన్ని పొరుగు దేశపు పోలీసుకు రోడ్డు మీద నిలబడి వివరించవలసిన అవస్థ ఒక చదువుకునే పిల్లకు ఎందుకు? కార్డు వచ్చేదాకా ఆగమనండి. మాస్ట్రిక్ట్ ఎక్కడికీ పోదు. మరొక సంగతి, వీసా గడువు ముగియకముందే దరఖాస్తు చేరినట్టు రుజువు ఆమె దగ్గర ఉందో లేదో ఈ రోజే అడగండి. పాత అనుమతి కొనసాగడమన్నది దాని మీదనే ఆధారపడి ఉంది.

ఎవరూ అడగరన్న మాట కూడా ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. జర్మనీ 2024 సెప్టెంబరు 16 నుంచి తన భూసరిహద్దులన్నింటి వద్ద తాత్కాలిక తనిఖీలు మొదలుపెట్టింది. అంతకుముందు కూడా సరిహద్దు ప్రాంతాల రైళ్లలో అడపాదడపా చూసేవారు. నేను ఆఖెన్‌లో చదువుకునే రోజుల్లో ఒక ఆదివారం సాయంత్రం లీజ్ నుంచి రైల్లో తిరిగి వస్తుండగా తనిఖీ జరిగింది. పాస్‌పోర్టు పోతుందేమోనన్న భయంతో దాన్ని భద్రంగా గదిలో దాచి, ఫోనులో ఫొటో మాత్రం పెట్టుకుని వెళ్లిన తెలివి నాది! స్టేషనులో దింపి, నా వివరాలు కంప్యూటరులో సరిచూసి పంపేసరికి గంటకు పైగా పట్టింది. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, ఆ గంటసేపు నా కాళ్లే వణికాయి. అందుచేత పాస్‌పోర్టు, కార్డు లేదా వీసా అసలువే దగ్గర ఉండాలి. నకళ్లు గదిలో ఉంచుకోమని చెప్పండి, అసలు గదిలో పెట్టి నకలుతో తిరగవద్దనండి.

ఇక ఆ ప్రయాణం చాలా తేలిక. ఆఖెన్ నుంచి వాల్స్ మీదుగా మాస్ట్రిక్ట్‌కు సుమారు ముప్ఫై కిలోమీటర్లు, బస్సూ ఉంది, రైలూ ఉంది. వీలైతే వాల్స్‌లో దిగి పక్కనే ఉన్న వాల్సెర్‌బెర్గ్ గుట్ట ఎక్కమనండి. జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం మూడూ కలిసే రాయి అక్కడ ఉంది. ఆ గుట్ట ఎత్తు 322 మీటర్లే అయినా ఐరోపాలోని నెదర్లాండ్స్ భూభాగంలో అంతకంటే ఎత్తైన చోటు లేదు. మన మహేంద్రగిరి నీడలో పెరిగిన పిల్లకు దాన్ని కొండ అంటే నవ్వు రావచ్చు. ఒకప్పుడు అక్కడ కలిసినవి మూడు కాదు, నాలుగు ప్రాంతాలు. ఒక జింకు గని ఎవరికి చెందాలో నెదర్లాండ్స్, నాటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా తేల్చుకోలేక, 1816లో ఆ గని ఉన్న చిన్న ముక్కను ఎవరిదీ కాని 'తటస్థ మొరెస్నెట్'గా వదిలేశాయి. గని ఖాళీ అయినా ఆ ఏర్పాటు మాత్రం 1920లో బెల్జియంలో కలిసేదాకా కొనసాగింది. కొటియా గ్రామాలు తమవంటే తమవని ఆంధ్రా, ఒడిశా రాష్ట్రాలు పట్టుబట్టడం చూస్తున్న మనకు ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు.

ఆరోగ్య బీమా సంగతి క్లుప్తంగా చెబుతాను. జర్మనీ చట్టబద్ధ ఆరోగ్య బీమాలో ఉన్న విద్యార్థుల కార్డు వెనుక వైపే యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు ముద్రించి ఉంటుంది. నెదర్లాండ్స్, బెల్జియంలలో అకస్మాత్తుగా జబ్బు చేస్తే అది చూపవచ్చు. స్విట్జర్లాండ్‌లో మాత్రం భారతీయ పౌరులకు అది పనిచేయదు. అక్కడికి వెళ్లినప్పుడు ప్రయాణ బీమా విడిగా తీసుకోవాలి. ఫోను కూడా అంతే, యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2017 జూన్ నుంచి రోమింగు అదనపు రుసుము లేదు కానీ, స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు.

మీరు అడగడానికి మొహమాటపడి ఉంటారు గనుక మరొక మాట నేనే చెబుతాను. నెదర్లాండ్స్‌లో కొన్ని దుకాణాల్లో గంజాయి అమ్మడాన్ని చూసీచూడనట్టు వదిలేస్తారు. జర్మనీలో కూడా 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు కొద్దిపాటి గంజాయి దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. అయితే నెదర్లాండ్స్‌లో కొని సరిహద్దు దాటించి జర్మనీకి తేవడం ఇప్పటికీ నేరమే. ఆ పిల్ల తేకపోవచ్చు, తోటి ప్రయాణికుల సంచుల్లో ఏముందో కూడా చూసుకోవాలి. గంజాయి కేసుల వార్తలు తరచూ వినే మన గజపతి జిల్లా వాళ్లకు ఈ జాగ్రత్త ఇంకొకరు నేర్పవలసిన పని లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో చదువుతున్నాడు. తోటి పిల్లలంతా శని, ఆదివారాల్లో బస్సు మీద బెల్‌ఫాస్ట్ వెళ్తున్నారట. ఒకటే దీవి, దారిలో గేటు కూడా ఉండదు, వీసా అవసరం లేదంటున్నాడు. నిజమేనా?
– ఒక తల్లి, రాయగడ

జవాబు: కాదమ్మా. పై జవాబులోని ఆఖెన్ సరిహద్దు, మీ అబ్బాయి చెబుతున్న సరిహద్దు చూడడానికి ఒకేలా ఉంటాయి గానీ, చట్టంలో వాటికి పోలిక లేదు. బెల్‌ఫాస్ట్ ఉన్నది ఉత్తర ఐర్లాండ్‌లో, అది బ్రిటన్‌లో భాగం. బ్రిటన్‌గానీ ఐర్లాండ్‌గానీ షెంగెన్ ఏర్పాటులో లేవు. ఆ రెండు దేశాల మధ్య ఉన్న ఉమ్మడి ప్రయాణ ప్రాంతం వారి సొంత పౌరుల కోసం ఉద్దేశించింది. ఐర్లాండ్ ఇచ్చిన నివాస కార్డు బెల్‌ఫాస్ట్‌లో చెల్లదు. భారతీయ విద్యార్థి అక్కడికి వెళ్లాలంటే బ్రిటన్ సందర్శక వీసా తీసుకోవలసిందే.

మరి గేటు ఎందుకు లేదని మీరు అడగవచ్చు. సుమారు 500 కిలోమీటర్ల ఆ సరిహద్దు మీద ఒకప్పుడు సైనిక కాపలా ఉండేది. దశాబ్దాల హింస తరువాత 1998 ఏప్రిల్ 10న బెల్‌ఫాస్ట్‌లో శాంతి ఒప్పందం కుదిరింది, కాపలా శిబిరాలు తొలగిపోయాయి. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వదిలిన తరువాత కూడా ఆ రోడ్ల మీద మళ్లీ గేట్లు పెట్టకూడదనే ఇరుపక్షాలూ నిశ్చయించాయి. అక్కడ గేటు లేకపోవడం ఆ నేల మీద మళ్లీ నెత్తురు పారకూడదని చేసుకున్న ఏర్పాటు, విదేశీ విద్యార్థులకు ఇచ్చిన ఆహ్వానం కాదు. తిరుగు ప్రయాణంలో ఐర్లాండ్ పోలీసులు బస్సు ఆపి పత్రాలు చూడడం కద్దు. ఒకవేళ పట్టుబడితే, భవిష్యత్తులో వేరే వీసాలకు దరఖాస్తు చేసినప్పుడు దాని గురించి రాయవలసి రావచ్చు. తోటి పిల్లల్లో కొందరికి ఐరోపా పౌరసత్వం ఉండి ఉండవచ్చు. వాళ్ల దారి వేరు, మీ వాడి దారి వేరు.

ఇంకొక చిక్కు కూడా చెప్పాలి. డబ్లిన్ నుంచి డొనెగల్ జిల్లాలోని లెటర్‌కెన్నీకి వెళ్లే బస్సు ఉత్తర ఐర్లాండ్‌లోని ఓమా, స్ట్రబేన్ ఊళ్ల మీదుగా పోతుంది. ఐర్లాండ్ నుంచి ఐర్లాండ్‌కే టికెట్ తీసుకున్నా మధ్యలో బ్రిటన్ తగులుతుంది. పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పలాస, ఇచ్ఛాపురం మీదుగా మళ్లీ ఒడిశాలోని బరంపురం వెళ్లినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది, కాకపోతే అక్కడ దారిలో తగిలేది పక్క రాష్ట్రం కాదు, పక్క దేశం. వీసా వచ్చేదాకా గాల్వే, కార్క్ వైపు తిరగమని చెప్పండి. సముద్రం ఆ వైపునా ఉంది.

ప్రశ్న: సింగపూర్‌లో చదివే మా చెల్లెలు శనివారం మలేసియాలోని జొహోర్ బారుకు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: వెళ్లవచ్చు. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు మలేసియా 30 రోజుల వరకు వీసా లేని ప్రవేశం ఇస్తోంది. ప్రకటించిన గడువు 2026 చివరి వరకే కనుక, ఆ తరువాత వెళ్లేటట్టయితే ముందుగా విచారించుకోవాలి. వీసా అక్కర్లేకపోయినా, బయలుదేరే ముందు మూడు రోజుల లోపల మలేసియా డిజిటల్ రాక కార్డును ఆన్‌లైన్‌లో నింపాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. సింగపూర్ విద్యార్థి పాస్ వచ్చాకే వెళ్లాలి, ప్రవేశానికి ముందు ఇచ్చిన ఆమోద లేఖను నమ్ముకుని దేశం దాటకూడదు. సింగపూర్‌ను జొహోర్ బారుతో కలుపుతూ సముద్రపు పాయకు అడ్డంగా కట్టిన కాజ్‌వే అనే కట్ట దారి 1924లో ప్రారంభమైంది, దాని పొడవు కిలోమీటరుకు కొంచెం ఎక్కువ, దాన్ని దాటడానికి సెలవు రోజుల్లో ఒక్కోసారి గంటలు పడుతుంది. సాయంత్రానికి హాస్టలు చేరాలంటే తెల్లవారుజామునే బయలుదేరమనండి.