కథలు రాస్తానన్న మేనల్లుడికి

తిరుపతి

చిరంజీవి నాయనకు మేనత్త ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి కథలు రాసుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్లో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫోను పెట్టేశాక నేను మాత్రం నవ్వుకున్నాను. మా ఇంట్లో ఇంకొకడికి ఆ పిచ్చి పట్టిందన్నమాట! అయినా ఉద్యోగం మానకు. మన దామలచెరువులో కాపురముంటూ, బడిపంతులుగా పనిచేస్తూ కథలు రాసిన మధురాంతకం రాజారాం గారికి 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.

రోజూ రాయి. రాసింది పైకి చదువుకో. కొట్టేయడానికి మొహమాటపడకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరే. నువ్వు పంపిన కథలో ఒకే పేజీలో గోపురం మీద పావురం, ఆరిపోతున్న దీపం, కల్యాణకట్టలో రాలిన జుట్టు మూడూ ఉన్నాయి. తిరుపతిలో ప్రతీకలకు కరువా నాయనా? అడుగు వేస్తే కాలికి తగులుతాయి. గుండు అంటే అహంకారం పోవడం, గంగజాతర వేషం అంటే మనిషి ముసుగు అని చదివేవాడికి నీకంటే ముందే తెలుసు. ఆ జాతరలో బొగ్గు పూసుకుని 'తోటి' వేషం కట్టినవాడి ఒంటి మీద ఆ బొగ్గు మే నెల ఎండకు చెమటతో కలిసి మెడ మీద చారలు కడుతుంది. ఇంటికెళ్ళి ఎంత రుద్దుకున్నా చెవుల వెనక నలుపు వదలదు. ఆ నలుపుతోనే మర్నాడు ఆఫీసుకు వెళ్ళాడనుకో, కథ అక్కడ మొదలవుతుంది. ముసుగు అన్న మాట నువ్వు ఎత్తనక్కర్లేదు.

మీ నాన్న చెప్పి ఉండడు, చదువుకునే రోజుల్లో వాడూ ఒక కథ రాశాడు. ఆ ఏడు తోతాపురి మామిడి విరగకాసింది, ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరుసలో మీ తాతతో పాటు మేమిద్దరం రాత్రంతా పడిగాపులు కాశాం. పైన వేపమండలు కప్పినా అడుగు కాయ ఉడికిపోయి, ట్రాలీ సందుల్లోంచి రసం రోడ్డు మీదికి కారింది. ఒకటే ఈగలు. కాటా దగ్గర మెత్తబడిన కాయ పక్కకు తోసేసి, మిగిలినదానికే చీటీ రాశారు.

ఇంటికొచ్చాక మీ తాత అన్నం కూడా తినకుండా ట్రాలీ కడగడానికి కూర్చున్నాడు. అద్దెకు తెచ్చిన ట్రాలీ. జిగురు ఎండితే వదలదని గోళ్ళతో గీకి, కొబ్బరిపీచుతో తోమి, మూలమూలలా నీళ్ళు కొట్టాడు. 'వాడికి మళ్ళీ ముఖం చూపించాలి కదమ్మా' అన్నాడు.

మీ నాన్న కథలో ఇది లేదు. రైతు కుళ్ళిన మామిడిపండు చేతిలోకి తీసుకుని ఆకాశం వైపు చూస్తాడు. చివరి వాక్యం: 'కుళ్ళింది పండు కాదు, అతని బతుకు.' ట్రాలీ సంగతి ఎందుకు రాయలేదురా అంటే, 'అందులో ప్రతీక ఏముందక్కా?' అన్నాడు. ఆ కథ ఎక్కడా అచ్చు కాలేదు. వాడు మళ్ళీ కలం పట్టలేదు. నాకు ఇప్పటికీ కోపమే. నష్టపోయి వచ్చినవాడు ఇంకొకరి ట్రాలీని అంత శుభ్రంగా కడిగి ఇవ్వడంలో పరువు, ఓటమి, మొండితనం అన్నీ లేవూ? అయితే అవి కనపడాలంటే ముందు ఆ జిగురు కనపడాలి, గోళ్ళలో ఇరుక్కున్న పీచు కనపడాలి. అలాగని ట్రాక్టరు కంపెనీ పేరు, టైరు సైజు కూడా రాస్తూ కూర్చోకు. మీ తాత చేయి ఎక్కడ ఆగిందో అక్కడే నీ కలమూ ఆగాలి.

చాసో రాసిన 'వాయులీనం' కథ మళ్ళీ చదువు. జబ్బుపడిన ఇల్లాలి కోసం ఆమె వాయులీనాన్నే అమ్మేస్తారు. అది ఆమె వాయించిన వాద్యం, అంగట్లో ధర పలికే వస్తువు కూడా. ఆ ధర ఉండబట్టే మన గుండె కలుక్కుమంటుంది.

తిట్టానని ముఖం మాడ్చుకోకు. నీ కథలో బస్టాండు దగ్గర ఆవిడ చిల్లర లెక్కపెట్టుకుని, చెంగున మళ్ళీ ముడి వేసుకున్న వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ ముడి నీకు తెలియకుండానే పడింది. పావురాన్ని కొట్టేయి, ముడిని ఉంచు.

జూన్‌లో సెలవు పెట్టుకుని రా. కాయ దిగే రోజుల్లో ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్దాం, నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. మీ నాన్ననూ పిలువు. రానంటాడు, అయినా పిలువు. దిద్దిన కథ మాత్రం టైపు చేయించి పంపు. నీ చేతిరాత ధర్మమా అని గోపురం మీద పావలా వాలిందని చదువుకున్నాను.

మీ అత్త