ఏసీలకి ఐదు స్టార్లుంటే బిల్డింగ్‌కి కూడా వస్తాయా?

మీ ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో నాలుగంతస్తుల ఆఫీసు బిల్డింగ్, ఏసీలన్నీ ఫైవ్ స్టారే, పైన సోలార్ ఉంది, బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల ఐదు స్టార్లు బిల్డింగ్‌కి వచ్చేస్తాయా అని.

రావండి, అలా రావు. విజయవాడ బందరు రోడ్డులో ఒక ఆఫీసు బిల్డింగ్ మెయింటెనెన్స్ చూస్తాను. మా ఓనరుగారూ అచ్చంగా ఇలాగే అనుకున్నారు. ఏసీకి వేసే స్టార్ ఆ మిషన్‌కే. బిల్డింగ్‌కి వచ్చేసరికి ఏడాది పొడుగునా ఎంత కరెంటు కాల్చారన్నదే లెక్క. మొత్తం యూనిట్లని చదరపు మీటర్లతో భాగిస్తే వచ్చేదాన్ని ఈపీఐ అంటారు. బిల్డింగులకి స్టార్లిచ్చే ఈ స్కీమ్ 2009లో మొదలైంది, స్వచ్ఛందమే. కనెక్టెడ్ లోడ్ (బిల్డింగ్‌లో కరెంటుతో నడిచే వాటన్నిటి మొత్తం సామర్థ్యం) 100 కిలోవాట్లకి తక్కువ కాకూడదు, ముందు అది చూసుకోండి.

వాతావరణాన్ని బట్టి చేసిన జోన్లలో మన కోస్తా వాళ్లం ఉక్కపోత జోన్‌లోకి వస్తాం. సగానికి పైగా ఏసీ ఉన్న ఆఫీసులకి మేం చూసిన పట్టికలో ఈపీఐ 200 నుంచి 175 దాకా ఒక స్టార్, అక్కణ్ణుంచి పాతిక తగ్గినప్పుడల్లా ఇంకో స్టార్, 100 లోపుంటే ఐదు. మీరు అప్లై చేసేముందు తాజా పట్టిక తీసుకోండి.

మొదటిసారి లెక్క నేనే వేశాను, తప్పూ నేనే చేశాను. 6,80,000 యూనిట్లు, 4,800 చదరపు మీటర్లు, అంటే 142. మూడు స్టార్లొచ్చాయని ఓనరుగారికి చెప్పేసి టీ కూడా తాగాం. తీరా చూస్తే ఆ 4,800లో 800 సెల్లార్ పార్కింగ్! దాన్ని కలపకూడదు. 4,000తో భాగిస్తే 170, రెండే స్టార్లు. మీ డాక్యుమెంట్లలో ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగులు) ఉంటే 10.76తో భాగించడం మర్చిపోకండి. హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లులో కేవీఏహెచ్ అంకె కాదు, కేడబ్ల్యూహెచ్ అంకె, అంటే అసలు యూనిట్లు తీసుకోవాలి. జనరేటర్ యూనిట్లు కలపాలి. మీ టెర్రస్ మీది సోలార్ యూనిట్లు మాత్రం కలపరు, అది మీకు లాభమే.

ఇక మాకు అసలు గుట్టు బయటపడింది వాచ్‌మన్ నోట్‌బుక్‌లో. శనివారం రాత్రి తొమ్మిదికి, సోమవారం పొద్దున ఆరుకి మీటర్ రీడింగ్ రాయమన్నాను. ఎంఎఫ్‌తో (రీడింగ్‌ని అసలు యూనిట్లుగా మార్చే, మీటర్‌కి ఇచ్చిన అంకె) గుణించి చూస్తే ఆ 33 గంటల్లో 1,188 యూనిట్లు. ఆఫీసులో పురుగు లేదు, గంటకి 36 యూనిట్లు పోతున్నాయి! మరుసటి ఆదివారం మిట్టమధ్యాహ్నం, మే నెల ఎండలో, నేనూ వాచ్‌మనూ మేడెక్కాం. పదకొండు అవుట్‌డోర్లు గిర్రున తిరుగుతున్నాయి, దగ్గరికెళ్తే మొహాన సెగ. నాలుగో అంతస్తు అద్దెవాళ్ల ఏసీల రిమోట్లు ఎప్పుడో పోయాయట, స్విచ్‌లేమో బీరువా వెనక. ఆపడం కుదరక రెండేళ్లుగా వదిలేశారు. అవన్నీ ఫైవ్ స్టార్ ఏసీలేనండోయ్.

బీరువా జరిపించి టైమర్లు పెట్టించాం. సర్వర్ రూమ్ 18లో ఉంటే 24కి మార్చాం. దానికి ఐటీ కుర్రాళ్లతో వారం రోజులు గొడవైంది, సర్వర్లకి మాత్రం ఏమీ కాలేదు. పడమటి వైపంతా అద్దం కావడంతో మధ్యాహ్నం మూడైతే అందరూ రిమోట్ల మీద పడేవాళ్లు. అక్కడ అద్దానికి ఎండ ఆపే ఫిల్మ్ వేయించాం, కొంత నయం. కట్టేటప్పుడే ఆ అద్దం తగ్గించి ఉంటే బాగుండేది, కానీ ఇప్పుడనుకుని ఏం లాభం?

మరుసటి ఏడాది 5,84,000 యూనిట్లు, ఈపీఐ 146. ఈసారి మూడు స్టార్లు నిజంగానే. 96,000 యూనిట్లు మిగిలాయి. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా ఏడున్నర లక్షల పైమాటే. ఓనరుగారికి స్టార్ల కన్నా ఆ అంకే నచ్చింది.

మీరు పన్నెండు నెలల బిల్లులు, జనరేటర్ లాగ్‌బుక్, సెల్లార్ తీసేసిన ఏరియా దగ్గర పెట్టుకోండి. కానీ అంతకన్నా ముందు వచ్చే శనివారం రాత్రి మీటర్ రీడింగ్ రాయించండి. సోమవారం అంకె చూశాక ఇక్కడే చెప్పండి, లెక్క కలిసి వేద్దాం.