డెడ్‌లైన్ అనే మాటకు చావుతో నిజంగా సంబంధం ఉందా?

డెడ్‌లైన్ అనే ఇంగ్లిషు మాటలో ‘డెడ్’ ఎందుకు ఉంది, ఆ మాట ఎక్కడ పుట్టింది, గడువు అనదగిన ప్రతిచోటా దాన్ని వాడవచ్చా అని అడిగారు. పత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు అనువాదాలు చేస్తున్న నాకు ఈ మాటతో రోజూ పని పడుతూనే ఉంది కాబట్టి కాస్త వివరంగానే సమాధానం రాస్తున్నాను.

సంబంధం ఉంది, అదీ అక్షరాలా ఉంది. అమెరికా అంతర్యుద్ధం జరుగుతున్న రోజుల్లో, 1864 ఫిబ్రవరిలో, దక్షిణాది రాష్ట్రాల సైన్యం తన చేతికి చిక్కిన ఉత్తరాది సైనికుల కోసం జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ దగ్గర ఒక యుద్ధఖైదీల శిబిరాన్ని తెరిచింది. దాని అధికారిక నామం క్యాంప్ సమ్టర్. తెరిచినప్పుడు ఖైదీలకు గదులు గానీ పాకలు గానీ కట్టించలేదు. ఆరుబయట నేల, దాని చుట్టూ నిలువునా పాతిన పైన్ దుంగల గోడ, గోడ వెంబడి కొంత కొంత దూరానికి కావలివాళ్ల మంచెలు, అంతే. ఆ గోడకు లోపలివైపున సుమారు 19 అడుగుల ఎడంగా గుంజలు పాతి, వాటి మీద సన్నని కర్రలు అడ్డంగా కొట్టి ఒక హద్దు ఏర్పరిచారు. ఖైదీ ఆ హద్దు దాటితే మంచె మీది కావలివాడు ముందుగా హెచ్చరించకుండానే కాల్చవచ్చు. ఆ హద్దు పేరే డెడ్ లైన్. అప్పట్లో దాన్ని రెండు మాటలుగానో, మధ్యలో చిన్న గీతతోనో రాసేవారు.

శిబిరం మధ్యగా ఒక చిన్న వాగు పారేది. తాగడానికీ కడుక్కోవడానికీ వేలాది మందికి అదే ఆధారం కావడంతో దిగువకు పోయేకొద్దీ నీరు మురికిగా మారేది; వాగు గోడ కింద నుంచి లోపలికి వచ్చే చోట మాత్రమే కొంచెం తేటగా ఉండేది. ఆ తేటనీటి కోసం అడ్డకర్ర కింద నుంచి చేయి చాచి తూటాలకు బలైనవారి గురించి, ప్రాణాలతో బయటపడ్డ ఖైదీలు తర్వాతి కాలంలో రాశారు. అయితే ఆండర్సన్‌విల్‌లో ఎక్కువ మందిని చంపింది తుపాకీ కాదని కూడా చెప్పాలి. 14 నెలల కాలంలో అక్కడికి వచ్చిన దాదాపు 45,000 మందిలో 13,000 మంది వరకు చనిపోగా, వారిలో అత్యధికులను పొట్టన పెట్టుకున్నవి విరేచనాలు, విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ జబ్బు, తిండిలేమి. లోపలి ఆవరణకు అధికారిగా ఉన్న హెన్రీ వర్జ్‌ను యుద్ధం ముగిశాక వాషింగ్టన్‌లో సైనిక విచారణ జరిపి 1865 నవంబర్ 10న ఉరితీశారు. అతనిపై మోపిన అభియోగాలలో ఈ డెడ్ లైన్ ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది: అది చాలా చోట్ల కంటికి కనిపించని ఊహారేఖ మాత్రమేనని, మిగతా చోట్ల ఊగిసలాడే గుంజల మీద కొట్టిన చెక్క ముక్కలని అందులో రాశారు. గీత ఎక్కడుందో తెలియని మనిషిని గీత దాటావని కాల్చడం ఎంత ఘోరమో ఆ ఒక్క వాక్యం చెబుతుంది. ఆ విచారణ వార్తలను పత్రికలు విస్తారంగా ప్రచురించాయి. సైనికుల నోట నలిగిన మాట సామాన్య పాఠకుల దాకా చేరడానికి అది బాగా తోడ్పడి ఉంటుందని నా నమ్మకం.

యుద్ధం తర్వాత ఈ మాటలోని చావు మెల్లమెల్లగా పక్కకు తప్పుకుని, హద్దు మిగిలింది. న్యూయార్క్ పోలీసు అధికారి థామస్ బర్న్స్ 1880లో ఆ నగరంలోని ఫుల్టన్ వీధిని డెడ్ లైన్‌గా నిర్ణయించాడు. ఆ వీధికి దక్షిణాన ఉన్న వాల్ స్ట్రీట్ బ్యాంకుల ప్రాంతంలో పేరుమోసిన దొంగ ఎవడైనా కనిపిస్తే, వాడు ఆ పూట ఏ నేరమూ చేయకపోయినా సరే, పట్టుకొని తీసుకుపొమ్మని ఉత్తర్వు. ఇక్కడ ప్రాణం పోదు గానీ, దాటితే శిక్ష తప్పదన్న భావం చెక్కుచెదరలేదు. గమనించండి, ఇప్పటికీ అది నేల మీది గీతే. కాలానికి ఇంకా సంబంధం కలగలేదు.

కాలానికి ముడిపడింది పత్రికల ప్రపంచంలో. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో అచ్చుపనివాళ్లు, అచ్చుయంత్రపు బల్ల మీద ఎంతవరకు అక్షరాలు సరిగా అచ్చుపడతాయో తెలిపే హద్దుగీతను డెడ్‌లైన్ అనేవారు. ఆ గీత దాటించి అక్షరాలు పేరిస్తే అవి కాగితం మీదికి రావు. దాదాపు అదే కాలంలో, 1920 నాటికి, వార్త అందవలసిన ఆఖరి సమయానికి ఆ పేరు అమెరికా పత్రికలలో స్థిరపడింది. అక్కడి నుంచే ఇతర రంగాలకు పాకింది. శిబిరంలోని హద్దు నుంచి అచ్చుబల్లకూ, అచ్చుబల్ల నుంచి గడియారానికీ ఈ మాట నేరుగా నడిచి వచ్చిందని నిఘంటువులు తేల్చి చెప్పవు. పైగా 1860 నాటికే చేపలు పట్టేవాళ్లు కదలకుండా ఉంచే గాలపు తాడును కూడా డెడ్ లైన్ అనేవారు. అందువల్ల ‘ఖైదీలను కాల్చిన గీతే నేటి డెడ్‌లైన్’ అని గట్టిగా ముడిపెట్టే రచనలను కొంచెం జాగ్రత్తగా చదవండి. మాట పుట్టుక నిజం. మధ్య దారి మాత్రం ఒకటే అనుకోనక్కర్లేదు.

వాడుక దగ్గరికి వస్తే, ఈ మాట అసలు బరువు నాకు తెలిసింది డెస్కులోనే. ఎన్నికల ఫలితాల రాత్రి మొదటి పేజీ వదలవలసిన వేళ దగ్గర పడుతుంటే, ఇంకా ఒక స్థానం ఫలితం తేలకుండానే ఉంటుంది. సబ్ ఎడిటర్ శీర్షికలో ఆ అంకె కోసం ఖాళీ ఉంచి, కింద వార్తలో చివరి పేరాలు కోసి, ఒక కన్ను గడియారం మీదా మరో కన్ను ఏజెన్సీ వార్తల మీదా వేసి కూర్చుంటాడు. వేళ కాగానే ఉన్న అంకెతోనే పేజీ పోతుంది, అచ్చువేసే ప్లేటు తయారవుతుంది. ఆ మరుక్షణం వచ్చిన ఫలితం ఎంత పెద్దదైనా తర్వాతి ఎడిషన్‌కే పనికివస్తుంది. డెడ్‌లైన్ అంటే ఇదే: దాటిన వెంటనే ఏదో ఒక తలుపు మూసుకుపోవాలి. అందుకే, ‘శుక్రవారానికి అయితే బాగుంటుంది’ అనుకునే తేదీని డెడ్‌లైన్ అనడం నాకు ఇష్టం ఉండదు. అది లక్ష్యం, ఇంగ్లిషులో టార్గెట్. బిల్లు కట్టవలసిన తేదీని, పుస్తకం గ్రంథాలయానికి తిరిగి ఇవ్వవలసిన తేదీని ఇంగ్లిషువాళ్లు సాధారణంగా డ్యూ డేట్ అంటారు. దరఖాస్తులకూ, టెండర్లకూ, పోటీలకు పంపే రచనలకూ డెడ్‌లైన్ చక్కగా నప్పుతుంది, ఎందుకంటే ఆ తర్వాత వచ్చినదాన్ని తీసుకోరు.

ఇంగ్లిషు వాక్యంలో ఈ మాటకు తోడుగా వచ్చే క్రియలను మాటతోపాటే నేర్చుకోవాలి. డెడ్‌లైన్ పెట్టడం ‘సెట్’, అందుకోవడం ‘మీట్’, అందుకోలేకపోవడం ‘మిస్’, పొడిగించడం ‘ఎక్స్‌టెండ్’. పని పూర్తయిందనే అర్థంలో మనవాళ్లు తరచుగా ‘ఫినిష్ ది డెడ్‌లైన్’ అని రాస్తారు; ఫినిష్ అయ్యేది పని మాత్రమే, డెడ్‌లైన్‌ను మీట్ అవుతాము. వేళ దాటిపోయిందని చెప్పడానికి ‘ది డెడ్‌లైన్ హ్యాజ్ పాస్డ్’ అన్నది సహజమైన వాక్యం. సమయం బాగా తక్కువగా ఉంటే ‘టైట్ డెడ్‌లైన్’ అంటారు. అమెరికా విలేకరులు వేళ ముంచుకొస్తుండగా పనిచేస్తున్నామని చెప్పడానికి ‘ఆన్ డెడ్‌లైన్’ అంటారు.

తెలుగులో రాసేటప్పుడు నేను ముందుగా గడువు అనే మాటనే చూస్తాను. అయితే ఈ రెండింటి మధ్య ఒక సన్నని తేడా ఉంది. పది రోజుల గడువు ఇచ్చారు అన్నప్పుడు మన చేతిలో ఉన్న కాలమంతా కనిపిస్తుంది. డెడ్‌లైన్ అన్నప్పుడు ఆ కాలపు చివరి అంచు మాత్రమే కనిపిస్తుంది. అంచు ముఖ్యమైన చోట ‘తుది గడువు’ అనో, ‘గడువు ఫలానా తేదీతో ముగుస్తుంది’ అనో రాస్తే అర్థంలో లోటు ఉండదు. గడువు పెంచారు, గడువు తీరింది, గడువు కోరారు అని హాయిగా నడిచే వాక్యాలు మనకు ఉండగా డెడ్‌లైన్‌ను తెచ్చిపెట్టుకోవలసిన అవసరం పత్రికా కార్యాలయాల బయట చాలా అరుదు. ‘మృత్యురేఖ’ వంటి ముక్కస్య ముక్క అనువాదం మాత్రం ఆండర్సన్‌విల్ చరిత్ర రాసేటప్పుడు తప్ప ఎక్కడా వాడకండి.

డేట్‌లైన్‌కూ దీనికీ సంబంధం ఉందా అని కూడా అడిగారు. లేదు. వార్త మొదట్లో ఊరి పేరు, తేదీ ఉండే చిన్న పంక్తిని డేట్‌లైన్ అంటారు, అందులోని లైన్‌కు పంక్తి అనే అర్థం. డెడ్‌లైన్‌లోని లైన్‌కు హద్దు అని అర్థం.